ప్రాసెసర్ 0.39 దగ్గరే ఆగిపోయింది, ఫార్మాట్ చేసినా కదలట్లేదు

లక్ష్మీ డీటీపీ | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. తెనాలిలో చిన్న డీటీపీ షాపు నాది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కాలేజీ పిల్లల రికార్డులు చేస్తుంటాను. మాఘం ముహూర్తాలు నెత్తి మీదున్నాయి. సరిగ్గా ఇప్పుడే ల్యాప్‌టాప్ మొరాయించింది.

వారం నుంచి పేజ్‌మేకర్ తెరుచుకోవడానికే రెండు నిమిషాలు పడుతోంది. అనులో (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) ఒక అక్షరం కొడితే అది తెర మీదకి వచ్చేలోపు నేను మూడు కొట్టేస్తున్నా. నిన్న ఒక శుభలేఖలో పెళ్లికొడుకు పేరు రెండుసార్లు పడింది, చివరి నిమిషంలో చూసుకున్నాను కాబట్టి సరిపోయింది.

టాస్క్ మేనేజర్‌లో చూస్తే స్పీడ్ 0.39 గిగాహెర్ట్జ్ అని ఉంది. కింద బేస్ స్పీడ్ 1.60 అంటోంది. ఇంకో వింత ఏంటంటే, ఎంత పని చేయించినా సీపీయూ వాడకం 24 శాతం దాటట్లేదు. ఖాళీగా ఉండి కూడా ఎందుకు పని చేయట్లేదు?

ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10. కొని ఆరేళ్లయింది.

రీబూట్ రాజు | సోమవారం, రాత్రి 10:31

వైరస్ అండీ. లేదంటే విండోస్ పాడైంది. ఒకసారి ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా వేయండి. ర్యామ్ కూడా 16 చేయించండి, 8 ఈ రోజుల్లో ఏ మూలకి?

లక్ష్మీ డీటీపీ | సోమవారం, రాత్రి 10:40

రాజు గారూ, శనివారమే ఫార్మాట్ చేయించాను. ఇక్కడి షాపులో 500 తీసుకున్నారు. పొద్దున పది గంటలకి మొదలుపెడితే సాయంత్రం ఆరైంది. తర్వాత కూడా అదే 0.39. ఆ అబ్బాయి "మదర్‌బోర్డు పోయింది మేడమ్, 14,500 అవుతుంది" అన్నాడు. అందుకే ఇక్కడికి వచ్చాను.

గోదారోడు | సోమవారం, రాత్రి 10:58

అక్కా, కొన్ని ప్రశ్నలు. ఆ 0.39 అటూ ఇటూ కదులుతోందా, లేక అలాగే ఉండిపోతుందా? వేడి ఎంత? ఛార్జర్ పెట్టి ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఫ్యాను దుమ్ము పట్టి వేడెక్కే యంత్రం ఇలా ఉండదు. అది 3 గిగాహెర్ట్జ్‌కి ఎగిరి, 95 డిగ్రీలు తగిలి, కిందకి జారి, చల్లబడి మళ్లీ ఎగురుతుంది. గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది. మీది గోడకి గీత గీసినట్టు ఉంటే కథ వేరు.

బిట్స్‌బాబు | సోమవారం, రాత్రి 11:05

ఇంత చర్చ ఎందుకు అక్కా. థ్రాటిల్‌స్టాప్ అని ప్రాసెసర్ సెట్టింగులు మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, దించుకోండి, తెరవండి, ఎడమ వైపు బీడీ ప్రాక్‌హాట్ అని టిక్ ఉంటుంది, తీసేయండి. అయిపోయింది. నా పాత ల్యాప్‌టాప్‌కి రెండేళ్లు అలాగే లాగించాను.

పాతపెంటియం | సోమవారం, రాత్రి 11:47

లక్ష్మీ, ఒక్క రోజు ఆగమ్మా. టిక్ తీయడం ఐదు సెకన్ల పని, రేపు కూడా తీయొచ్చు. ముందు జబ్బేంటో చూద్దాం.

0.39 అనే అంకె ఊరికే వచ్చింది కాదు. ఈ ప్రాసెసర్‌కి మూల గడియారం దాదాపు 100 మెగాహెర్ట్జ్. దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే వచ్చేదే మనం చూసే వేగం. గుణకం 16 అయితే 1.6. టర్బోలో, అంటే పని ఎక్కువైనప్పుడు కాసేపు పరుగెత్తేటప్పుడు, 34 దాకా పోతుంది, అంటే 3.4. అన్నిటికంటే చిన్న గుణకం 4. మూల గడియారం నూటికి పిసరంత తక్కువుంటుంది కాబట్టి 0.40 బదులు 0.39 కనిపిస్తుంది. అంటే నీ ప్రాసెసర్ చెడిపోయి కుంటట్లేదు. ఎవరో "మొదటి గేరులోనే నడువు" అని చెబితే బుద్ధిగా నడుస్తోంది.

24 శాతం గొడవ కూడా ఇదే. విండోస్ 10 టాస్క్ మేనేజర్ వాడకాన్ని బేస్ స్పీడ్‌తో పోల్చి చూపిస్తుంది. 0.39ని 1.6తో భాగించు, 24 వస్తుంది. పాపం అది ఖాళీగా లేదు, నూటికి నూరూ చేస్తోంది. చేయగలిగిందే అంత.

ఇప్పుడు మూడు పనులు చెయ్యి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని యంత్రం వేడి, వేగం చూపించే సాఫ్ట్‌వేర్ వేసుకుని సెన్సర్స్ మాత్రమే తెరువు. ప్రాసెసర్ వేడి ఎంతుందో రాసుకో. "కోర్ థర్మల్ థ్రాట్లింగ్" (వేడికి తానే నెమ్మదించడం) వరుసలో యెస్ ఉందా నో ఉందా చూడు. ఇంకొంచెం కిందికొస్తే "ఐఏ: ప్రాక్‌హాట్" అని ఉంటుంది, అక్కడేముందో చూడు. ఆ తర్వాత యంత్రం ఆపి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి, అక్కడ బాణం కీ నొక్కితే మెనూ చురుగ్గా కదులుతోందా, ఈడుస్తోందా చెప్పు.

లక్ష్మీ డీటీపీ | మంగళవారం, ఉదయం 8:20

మాస్టారూ, చూశాను. వేడి 44 డిగ్రీలు. ఫ్యాను అసలు తిరగట్లేదు. థర్మల్ థ్రాట్లింగ్ అన్ని కోర్లకీ నో. ఐఏ: ప్రాక్‌హాట్ మాత్రం యెస్, ఎర్రగా ఉంది.

బయోస్ కూడా ఈడుస్తోంది. బాణం నొక్కాక అర సెకనుకి కదులుతోంది. ఇదివరకు ఇలా లేదు.

గోదారోడు తమ్ముడూ, 0.39 కదలట్లేదు, గీతే. ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది.

పెంగ్విన్ పాప | మంగళవారం, ఉదయం 9:02

బయోస్ కూడా ఈడుస్తోందంటే విండోస్‌కి ఈ నేరంతో సంబంధం లేనట్టే. బయోస్ తెర వచ్చేసరికి విండోస్ ఇంకా పుట్టనే లేదు కదా. రాజు గారూ, వింటున్నారా?

ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఫార్మాట్ కంటే తేలికైన పరీక్ష ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాన్నుంచే బూట్ చేసి వేగం చూస్తే చాలు. అక్కడా 400 మెగాహెర్ట్జే ఉంటే హార్డ్‌వేర్ వైపు చూడాలి. డేటా పోదు, 500 కూడా మిగిలేవి.

రీబూట్ రాజు | మంగళవారం, ఉదయం 9:15

సరే సరే. పదింట్లో ఎనిమిది ఫార్మాట్‌తో పోతాయి, ఇది ఆ రెండింట్లోది.

బిట్స్‌బాబు | మంగళవారం, ఉదయం 9:40

చూశారా, ప్రాక్‌హాట్ యెస్. నిన్న నేను చెప్పిందే. అక్కా, టిక్ తీసేయండి, శుభలేఖలు కొట్టుకోండి.

లక్ష్మీ డీటీపీ | మంగళవారం, మధ్యాహ్నం 12:33

మాస్టారు కోప్పడకండి. పొద్దున ముగ్గురు కస్టమర్లు కూర్చుని ఉన్నారు, ఆగలేక బిట్స్‌బాబు చెప్పినట్టు టిక్ తీసేశాను. దెబ్బకి 3.38! ఫ్యాను కూడా తిరిగింది. పేజ్‌మేకర్ నాలుగు సెకన్లలో తెరుచుకుంది. వారం తర్వాత ఊపిరి పీల్చుకున్నాను. బాబూ, నీకు కాకినాడ కాజా పార్శిల్.

లక్ష్మీ డీటీపీ | మంగళవారం, మధ్యాహ్నం 1:50

కాజా ఇంకా పంపలేదు, మంచిదైంది. ఛార్జర్ ఇటుక చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. కొంచెం ప్లాస్టిక్ వాసన కూడా. భయమేసి మళ్లీ టిక్ పెట్టేశాను. మళ్లీ 0.39.

పాతపెంటియం | మంగళవారం, మధ్యాహ్నం 2:25

కోపం లేదమ్మా. షాపులో కస్టమర్లుంటే నేనూ అదే చేసేవాణ్ణి. కానీ వాసన వచ్చిన ఛార్జర్ ఇక వాడకు.

ఇంతకీ ఏం జరిగిందో విను. ప్రాక్‌హాట్ అనేది ప్రాసెసర్‌కి ఉన్న ఒక కాలు, ఒక పిన్ను. మొదట్లో దాని పని ఒక్కటే. ప్రాసెసర్ తన వేడి హద్దు దాటితే ఆ పిన్ను ద్వారా బయటికి చెబుతుంది. 2000లో వచ్చిన పెంటియం 4 కాలం నుంచే ఇంటెల్ చిప్పులకి వేడెక్కితే తమంతట తామే నెమ్మదించడం తెలుసు. తర్వాత అదే తీగని రెండు వైపులా వాడటం మొదలైంది. బీడీ అంటే ఆ రెండు దిక్కులే. ఇప్పుడు బయటివాళ్లు కూడా ఆ తీగ లాగి "నెమ్మదించు" అని ప్రాసెసర్‌కి చెప్పొచ్చు. ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాలు వేడెక్కినా, బ్యాటరీ నీరసించినా, ఛార్జర్ శక్తి చాలదనిపించినా బోర్డు ఆ తీగ లాగుతుంది. తీగ లాగిందెవరో ప్రాసెసర్ చూడదు, కిందికి దిగిపోతుంది.

నీ వేడి 44. ఈ చిప్పు హద్దు 100. థర్మల్ థ్రాట్లింగ్ నో, ప్రాక్‌హాట్ యెస్. అంటే లాగుతున్నది బయటివాళ్లే. బిట్స్‌బాబు చెప్పింది ప్రాసెసర్ చెవిలో దూది పెట్టడం. దానివల్ల ప్రాసెసర్ కాలిపోదు, తన సొంత 100 డిగ్రీల కాపలా తనకుంటుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అరుస్తున్నది ఎవరు, దేనికి అన్నది తేలకుండా అలా చేస్తే, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు కమ్మీ చుట్టినట్టే. కమ్మీకేం కాదు, గోడలోని వైరు కాలుతుంది. నీ విషయంలో కాలింది ఛార్జరు.

బ్యాటరీ ఎంతుంది? ఛార్జర్ పీకేసి, టిక్ అలాగే ఉంచి, బ్యాటరీ మీద రెండు నిమిషాలు నడిపి వేగం చెప్పు.

జీవన్_రైజెన్ | మంగళవారం, మధ్యాహ్నం 2:41

నాదీ ఇదే సమస్య. డెస్క్‌టాప్, రైజెన్ 5. బయోస్ అప్‌డేట్ చేశాక 0.54 దగ్గర ఆగింది. థ్రాటిల్‌స్టాప్ తెరుచుకోవట్లేదు. ఏం చేయాలి?

నిర్వాహకులు | మంగళవారం, మధ్యాహ్నం 3:00

జీవన్ గారూ, థ్రాటిల్‌స్టాప్ ఇంటెల్‌కి మాత్రమే, రైజెన్ ఏఎండీ వాళ్లది. మీది వేరే యంత్రం, వేరే బోర్డు, దయచేసి కొత్త చర్చ మొదలుపెట్టండి. ఈలోపు సీమాస్ క్లియర్ (బయోస్ సెట్టింగుల్ని మొదటికి తేవడం) చేసి చూడండి. ఇక్కడ రెండు కేసులు కలిస్తే ఎవరికి ఏ మందు రాశామో మాకే తెలియదు.

లక్ష్మీ డీటీపీ | మంగళవారం, సాయంత్రం 4:18

మాస్టారూ! ఛార్జర్ పీకగానే 2.9! టిక్ తీయలేదు. మళ్లీ ఛార్జర్ పెట్టాను, కళ్ల ముందే 0.39కి పడింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

బ్యాటరీ 34 శాతం ఉండేది. వారం నుంచి 34 దగ్గరే ఉందని ఇప్పుడు గుర్తొస్తోంది. "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అని వస్తుంటే బ్యాటరీ పాతదైంది కదా అనుకున్నాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది అసలు ఛార్జర్ కాదు. దసరాకి ముందు ఎలుక వైరు కొరికేస్తే 650 పెట్టి డూప్లికేట్ కొన్నాను. కానీ నాలుగు నెలలు బాగానే పనిచేసింది, అందుకే దాని మీద అనుమానం రాలేదు.

గోదారోడు | మంగళవారం, సాయంత్రం 4:30

నేను నిన్న రాత్రే అడిగాను ఛార్జర్ పెట్టి ఉందా అని. ఊరికే చెబుతున్నా.

పార్క్‌లేన్ కుర్రోడు | మంగళవారం, రాత్రి 9:10

సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ల మార్కెట్‌లో, రిపేరు టేబుల్ మీద తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాను. ఈ కేసు మాకు వారానికి రెండు వస్తాయి.

మేడమ్, మీ ఛార్జర్ పిన్ను లోపలికి చూడండి. గుండ్రటి గొట్టం మధ్యలో సూది లాంటి సన్న పుల్ల ఉందా? ఉంటే అది కరెంటు కోసం కాదు, కబురు కోసం. కొన్ని కంపెనీల ఛార్జర్లలో చిన్న చిప్పు ఉంటుంది. "నేను 65 వాట్ల ఛార్జర్‌ని" అని ఆ పుల్ల ద్వారా ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ కబురు అందకపోతే, ఛార్జర్ ఎంత మోయగలదో ల్యాప్‌టాప్‌కి తెలియదు. అందుకని బ్యాటరీ ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్‌ని కిందకి దించేస్తుంది. మీకు రెండూ జరిగాయి.

బయోస్‌లో బ్యాటరీ సమాచారం ఉన్న చోట అడాప్టర్ టైప్ అని ఉంటుంది. అక్కడ 65 వాట్లు అని ఉందా, అన్‌నోన్ అని ఉందా?

లక్ష్మీ డీటీపీ | బుధవారం, ఉదయం 10:45

సూది ఉంది. బయోస్‌లో అన్‌నోన్ అనే ఉంది.

మా వీధిలో ఒక లెక్చరర్ గారిది కూడా ఇదే కంపెనీ. వారి ఒరిజినల్ ఛార్జర్ అడిగి తెచ్చాను. 19.5 వోల్టులు, 3.34 యాంపులు, 65 వాట్లు, అన్నీ సరిపోయాయి. పెట్టాను. అన్‌నోన్! 0.39! అదే ఛార్జర్ వారి ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తోంది.

అంటే నిజంగానే మదర్‌బోర్డేనా? ఇప్పుడు 14,500 ఎక్కడ తేను? టెన్షన్‌తో పొద్దున కాఫీ కూడా తాగలేదు.

పార్క్‌లేన్ కుర్రోడు | బుధవారం, ఉదయం 11:20

కాఫీ తాగండి ముందు. ఒరిజినల్‌కి కూడా అన్‌నోన్ వస్తోందంటే కబురు పంపేవాడు బాగానే ఉన్నాడు, దారిలో ఎక్కడో తెగింది. బయోస్‌లో ఆ పేజీ తెరిచి ఉంచి, ల్యాప్‌టాప్ జాక్ దగ్గర పిన్నుని మెల్లగా పైకీ కిందకీ, పక్కలకీ కదపండి. బలం చేయొద్దు. పీకి పెట్టిన ప్రతిసారీ ఆ పేజీలోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లి చూడండి.

లక్ష్మీ డీటీపీ | బుధవారం, ఉదయం 11:52

పిన్నుని కిందికి నొక్కి పట్టుకుంటే 65 వాట్లు అని వచ్చింది! వదిలితే అన్‌నోన్.

అయ్యో, ఇప్పుడు గుర్తొచ్చింది. రెండు వారాల కింద శుభలేఖ కోసం వచ్చినావిడ పిల్లాడు ఆడుకుంటూ ఛార్జర్ వైరు కాలికి తగిలి పడ్డాడు. ల్యాప్‌టాప్ టేబుల్ అంచుదాకా వచ్చింది. పిల్లాడికి దెబ్బ తగిలిందేమో అని చూశానే గానీ జాకు సంగతి ఆలోచించలేదు.

పాతపెంటియం | బుధవారం, మధ్యాహ్నం 12:30

దొరికింది దొంగ. డీసీ జాక్, అంటే ల్యాప్‌టాప్‌లో ఛార్జర్ పిన్ను దూరే చోటు. లోపల ఆ సన్న సూదిని పట్టుకునే స్ప్రింగు వంగి ఉంటుంది, లేదా జాకు వెనక సన్న తీగ తెగి ఉంటుంది. లావు తీగలు రెండూ బాగున్నాయి కాబట్టి కరెంటు వస్తోంది, కబురు రావట్లేదు. ఇన్నాళ్లూ దీపం వెలుగుతోంది కదా అని మనం ఛార్జింగ్ దారిని అనుమానించలేదు.

కొన్ని మోడళ్లలో జాకు బోర్డుకి సోల్డరింగ్ చేసి ఉంటుంది, దానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. చాలా వాటిలో జాకు చిన్న కేబుల్‌తో వేరుగా వస్తుంది. రెండు స్క్రూలు, ఒక కనెక్టరు. మదర్‌బోర్డు ముట్టుకోనక్కర్లేదు. విప్పేముందు బ్యాటరీ కనెక్టర్ తీయించు.

పార్క్‌లేన్ కుర్రోడు | బుధవారం, మధ్యాహ్నం 1:05

కిందనున్న స్టిక్కర్ మీద మోడల్ నంబర్ నాకు మెసేజ్ పెట్టండి మేడమ్. కేబుల్‌తో వచ్చే రకమైతే 400, 500 మధ్య ఉంటుంది. ఆ డూప్లికేట్ ఛార్జర్ మాత్రం పారేయండి. కబురు సరిగా చెప్పే చిప్పు వేసినంత మాత్రాన లోపలి సరుకు 65 వాట్లు మోస్తుందని కాదు, వాసన రూపంలో మీకే చెప్పింది.

బిట్స్‌బాబు | బుధవారం, మధ్యాహ్నం 1:22

ఓకే, ఛార్జర్ విషయంలో ఒప్పుకుంటున్నా. కానీ నా ల్యాప్‌టాప్‌లో తీగ లాగింది పాడైపోయిన సెన్సర్. బోర్డు మార్చే స్తోమత లేదు. అలాంటప్పుడు టిక్ తీయడం తప్పా?

పాతపెంటియం | బుధవారం, మధ్యాహ్నం 1:40

అబద్ధం చెబుతున్నది సెన్సరే అని తేల్చుకున్నాక తీస్తే తప్పు లేదు. నువ్వు తేల్చుకున్నావా, ఊహించావా?

బిట్స్‌బాబు | బుధవారం, మధ్యాహ్నం 1:44

...ఊహించా.

పెంగ్విన్ పాప | బుధవారం, మధ్యాహ్నం 2:10

లినక్స్‌లో కూడా ఈ టిక్ ఉందని చాలామందికి తెలియదు. ఎంఎస్ఆర్ టూల్స్ వేసుకుని 1ఎఫ్‌సి రిజిస్టర్ (ప్రాసెసర్ లోపల సెట్టింగులుండే ఒక గడి) చదివి, దాని చివరి బిట్‌ని సున్నా చేస్తే అదే పని. రీబూట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పాత విలువ కాగితం మీద రాసుకోకుండా మాత్రం ముట్టుకోకండి.

లక్ష్మీ డీటీపీ | ఆదివారం, సాయంత్రం 6:35

జాకు శుక్రవారం కొరియర్‌లో వచ్చింది. 450, కొరియర్ 80. లెక్చరర్ గారి అబ్బాయి ఈసీఈ మూడో ఏడు, వాడే కూర్చుని మార్చాడు. పాత జాకులో సూది దగ్గర స్ప్రింగు పక్కకి వంగిపోయి ఉంది. కంపెనీ ఛార్జర్ కూడా కొన్నాను, అది 1,900. బయోస్‌లో ఏ నొక్కుడూ లేకుండా 65 వాట్లు. బ్యాటరీ నిండుతోంది. ప్రాక్‌హాట్ నో.

కానీ ఇంకో చిక్కు. ఇప్పుడు ఎంత పని చేయించినా 1.57 దాటట్లేదు. అంతకుముందు 3.38 చూశాను కదా, మనసు ఊరుకోవట్లేదు.

గోదారోడు | ఆదివారం, సాయంత్రం 6:50

ఈసారి నా వంతు. అక్కా, పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, అందులో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ చూడండి. 99 ఉందా?

లక్ష్మీ డీటీపీ | ఆదివారం, సాయంత్రం 7:04

ఉంది! నీకెలా తెలుసు? జాకు మార్చాక మా అబ్బాయి "ల్యాప్‌టాప్ చల్లగా ఉంచే చిట్కా" అని ఏదో వీడియో చూసి పెట్టాడట.

గోదారోడు | ఆదివారం, సాయంత్రం 7:11

ఒక్క శాతమే కదా అనిపిస్తుంది, కానీ 99 పెడితే టర్బో మొత్తం ఆగిపోతుంది, బేస్ స్పీడే గతి. 1.6కి కాస్త తక్కువలో ఆగిందంటే పది సార్లలో తొమ్మిది సార్లు ఇదే. 100 చేయండి. ప్లగ్డ్ ఇన్, ఆన్ బ్యాటరీ రెండూ.

లక్ష్మీ డీటీపీ | ఆదివారం, సాయంత్రం 7:30

3.4 వచ్చింది. ఫ్లెక్సీ ఎక్స్‌పోర్ట్ పెడితే కాసేపు 3 పైన ఉండి తర్వాత 2.4కి దిగి అక్కడే ఉంటోంది. మళ్లీ ఎవరైనా తీగ లాగుతున్నారా?

పాతపెంటియం | ఆదివారం, రాత్రి 8:02

లేదమ్మా, ఇది ఆరోగ్యమే. ఇది 15 వాట్ల చిప్పు. పరుగు కొద్దిసేపే, తర్వాత ఆ 15 వాట్లలో ఎంత నడవగలదో అంత నడుస్తుంది. నాలుగు కోర్లూ పనిచేస్తూ 2.4 అంటే బాగున్నట్టే. ఇక ఆ అంకె చూడటం మానేసి శుభలేఖలు కొట్టుకో.

లక్ష్మీ డీటీపీ | ఆదివారం, రాత్రి 8:10

అలాగే మాస్టారూ. మీకూ, పార్క్‌లేన్ తమ్ముడికీ, గోదారోడికీ కాజా. బిట్స్‌బాబుకి సగం పార్శిల్.

*ఈ చర్చలో 11 నెలలుగా కొత్త సందేశాలు లేవు*

శ్రీను_ఖమ్మం | గురువారం, రాత్రి 9:26

పాత చర్చ లేపుతున్నందుకు క్షమించండి. నాది నాలుగో తరం ఐ5, 0.79 దగ్గర ఆగిపోయింది. మొత్తం చదివాను, నా ఛార్జర్‌కి మధ్యలో సూది లేదు. కాబట్టి నాది ఇది కాదనుకుంటా. టిక్ తీసేయమంటారా?

లక్ష్మీ డీటీపీ | గురువారం, రాత్రి 9:41

శ్రీను గారూ, ఆ తరంలో అన్నిటికంటే చిన్న గుణకం 8, అందుకే 0.79. సూది లేకపోయినా ఇంకా చాలామంది ఆ తీగ లాగొచ్చు. టిక్ సంగతి తర్వాత. వేడి ఎంతుంది, ఐఏ: ప్రాక్‌హాట్ యెస్సా నోనా, ఛార్జర్ పీకి చూశారా?

శ్రీను_ఖమ్మం | గురువారం, రాత్రి 9:58

ఛార్జర్ పీకినా 0.79. ప్రాక్‌హాట్ యెస్. వేడి 41. బ్యాటరీ దగ్గర అడుగు ప్లేటు కాస్త ఉబ్బినట్టుంది, టచ్‌ప్యాడ్ కూడా నొక్కుడు పడట్లేదు.

లక్ష్మీ డీటీపీ | గురువారం, రాత్రి 10:01

వెంటనే ఆపేయండి. ఛార్జర్ పెట్టకండి, ఆ ప్లేటుని నొక్కకండి. బ్యాటరీ ఉబ్బింది. రేపు పొద్దున్నే తెలిసినవాళ్ల చేత దాన్ని తీయించి, ఆ తర్వాత మాట్లాడండి.